షాపు మూసేసిన రోజు కొన్నవాడి చేతిలో ఏం మిగిలింది? ఎన్ఎఫ్‌టీలు అమ్మిన బ్రాండ్లకి ఒక బహిరంగ లేఖ

2021, 22ల్లో ఎన్ఎఫ్‌టీలు (ఒక డిజిటల్ బొమ్మ ఫలానావాడిదని బ్లాక్‌చెయిన్‌లో, అంటే చాలా కంప్యూటర్లు కలిసి ఉంచే పద్దు పుస్తకంలో, రాసిపెట్టే టోకెన్లు) అమ్మి, ఇప్పుడు ఆ మాటే ఎత్తని బ్రాండ్ల మార్కెటింగ్ పెద్దలందరికీ,

నమస్కారం అండి. ముందు నేనెవరో చెప్తా. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్ళుగా సర్వర్లు చూసుకునే పని చేస్తున్నా, అంటే మీలాంటి కంపెనీల వెబ్‌సైట్ రాత్రి రెండింటికి పడిపోతే ఫోన్ వచ్చేది నాలాంటి వాళ్ళకే. పండక్కి ఊరెళ్ళినా బ్యాగులో లాప్‌టాప్ ఉంటుంది. డొమైన్ (వెబ్‌సైట్ పేరు) రెన్యువల్ ఎప్పుడు, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఎప్పుడు అయిపోతుంది, హోస్టింగ్ బిల్లు ఎప్పుడు కట్టాలి, మా ఇంట్లో పంచాంగం ఇదే. క్రిప్టోలో నాకు పెద్ద పాండిత్యం ఏమీ లేదు, రేపు ఎథీరియం (బిట్‌కాయిన్ లాంటి ఇంకో డిజిటల్ డబ్బు) రేటు ఎంతుంటుందో అడిగితే చెప్పలేను, కానీ ఒక బొమ్మ ఇంటర్నెట్‌లో కనపడుతూ ఉండాలంటే ఎవడో ఒకడు ఎక్కడో కూర్చుని నెలనెలా ఏదో ఒక బిల్లు కడుతూనే ఉండాలన్న సంగతి మాత్రం బాగా తెలుసు. ఈ ఉత్తరం అంతా ఆ బిల్లు గురించే అనుకోండి.

మా బావమరిది 2022 జనవరిలో 92 వేలు పెట్టి ఒక కార్టూన్ జంతువు బొమ్మ కొన్నాడు. బండి మార్చుకుందామని దాచుకున్న డబ్బులు. వాడు పిచ్చోడేం కాదు, బీటెక్ చేశాడు, ఉద్యోగం ఉంది, చిట్టీ పాట ఎప్పుడు పాడాలో మా మామగారికే చెప్పే రకం. మరి ఎందుకు కొన్నావురా అంటే ఒకటే మాట, "బావా, అంత పెద్ద కంపెనీ వాడు వీళ్ళతో టైఅప్ అయ్యాడు, ఊరికే అవుతాడా?" ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. అందరి ఇళ్ళల్లోనూ వాళ్ళ సరుకు ఏదో ఒకటి ఉంటుంది, మా ఇంట్లోనూ ఉంది. మా అత్తగారు మాత్రం ఆ రోజు "బొమ్మ ఏదిరా, చూపించు" అన్నారు. వాడు ఫోన్ చూపించాడు. "ఇది కాదురా, 92 వేలు పెట్టి కొన్న బొమ్మ ఏదీ" అని మళ్ళీ అడిగారు. అందరం నవ్వాం. ఆ మొత్తం వ్యవహారంలో సరైన ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కరే అని నాకు తర్వాత ఎప్పటికో వెలిగింది.

మొన్న సంక్రాంతికి వాడు మెల్లగా నా పక్కన చేరి "బావా, బొమ్మ రావట్లేదు, నీ పనే కదా, ఒకసారి చూడు" అన్నాడు. వాలెట్‌లో, అంటే ఈ టోకెన్లు పెట్టుకునే యాప్‌లో, టోకెన్ ఉంది, నంబర్ ఉంది, బొమ్మ ఉండాల్సిన చోట బూడిద రంగు డబ్బా. సరే అని కూర్చున్నా. బ్లాక్‌చెయిన్‌లో ఆ టోకెన్లని నడిపే చిన్న ప్రోగ్రామ్, కాంట్రాక్ట్ అంటారు దాన్ని, తెరిచి వీడి టోకెన్ నంబర్ ఇచ్చి దాని అడ్రస్ ఏంటని అడిగితే ఒక వెబ్ లింక్ వచ్చింది, మామూలు లింకే, మనం రోజూ నొక్కేలాంటిది. ఆ లింక్ దగ్గర బొమ్మ వివరాలు రాసుండే ఒక చిన్న జేసన్ ఫైల్ ఉండాలి, అందులో ఇంకో లింక్ ఉండాలి, ఆ రెండో లింక్ దగ్గర బొమ్మ ఉండాలి. మొదటి లింకే తెరుచుకోలేదు. డొమైన్ గడువు అయిపోయింది, ఎవరూ రెన్యువల్ చేయలేదు, ఇంకెవడో కొనుక్కుని "ఈ డొమైన్ అమ్మబడును" అని బోర్డు పెట్టి కింద నాలుగు యాడ్స్ వేసుకున్నాడు. అంతే సార్, 92 వేల ఆస్తి ఉన్న చోట ఇప్పుడు లోన్ యాప్ యాడ్ వస్తోంది. ఆ డొమైన్ రెన్యువల్‌కి ఏడాదికి అయ్యేది వెయ్యి, పన్నెండొందలు. దానికి కూడా దిక్కు లేదు.

ఇది వాడి ఒక్కడి ఖర్మ అనుకోకండి, ఈ యాపారం తయారైన తీరే అంత.

మన దగ్గర ప్లాటు కొనేవాడు ఏం చేస్తాడు? ఈసీ తీయిస్తాడు, లింక్ డాక్యుమెంట్లు అడుగుతాడు, తెలిసిన లాయర్‌కి చూపిస్తాడు, ఆదివారం పూట పెళ్ళాం పిల్లలతో సహా వెళ్ళి హద్దురాళ్ళు లెక్కపెట్టుకుని వస్తాడు. ఇంత చేసి కూడా మోసపోతాడు, డబుల్ రిజిస్ట్రేషన్లు మనకి కొత్త కాదు, కానీ మోసపోయినప్పుడు వెళ్ళి నిలబడటానికి ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది, కోర్టు ఉంది, అన్నిటికీ మించి ఆ నేల ఎక్కడికీ పోదు. మీరు అమ్మినదాంట్లో లింక్ డాక్యుమెంట్ ఒక్కటే ఉంది, కింద నేల లేదు, ఆ డాక్యుమెంట్‌లో ఉన్నది కూడా నిజంగా ఉత్త లింకే. బ్లాక్‌చెయిన్ అబద్ధం చెప్పదు అంటారు, ఒప్పుకుంటా, ఫలానా నంబర్ టోకెన్ ఫలానా వాలెట్‌ది అని అది ఎన్నేళ్ళైనా గట్టిగానే చెప్తుంది. ఆ టోకెన్ అవతల ఏముంది అంటే మాత్రం దానికి తెలీదు. బొమ్మ మీద కాపీరైట్ కూడా చాలా కలెక్షన్లలో కొన్నవాడికి రాదు, ఏదో కొద్ది హక్కులు వాడుకోనిస్తారు, అవి కూడా అమ్మినవాడు ఏం రాసుకుంటే అదే.

దీని పుట్టుక కథ తెలిస్తే ఇంకా ముచ్చటేస్తుంది. 2014 మేలో న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియంలో ఒక కార్యక్రమం జరిగింది, ఒక ఆర్టిస్టునీ ఒక టెక్నాలజీ మనిషినీ జత చేసి ఏదైనా కొత్తది చేయమనే పద్ధతి. కెవిన్ మెకాయ్ అనే ఆర్టిస్టు, అనిల్ దాష్ అనే టెక్ మనిషి కలిసి రాత్రికి రాత్రి ఒక నమూనా కట్టారు, డిజిటల్ బొమ్మ ఎవరిదో బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేయడం. స్టేజీ మీద దాష్ తన జేబులో ఉన్న 4 డాలర్లకి ఒకటి కొన్నాడు కూడా. బొమ్మ మొత్తాన్ని బ్లాక్‌చెయిన్‌లో పెట్టడం కుదరక, టైం లేక, లింక్ పెట్టి సరిపెట్టారు. ఏడేళ్ళ తర్వాత ఆయనే రాసుకొచ్చాడు, మేం ఆ రాత్రి తొందరలో వాడిన అడ్డదారే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు అని. మా ఫీల్డ్‌లో ఇది చాలా మామూలు విషయం, తాత్కాలికంగా పెట్టిన జుగాడే పదేళ్ళు ప్రొడక్షన్‌లో ఉంటుంది, నేనూ పెట్టా అలాంటివి, కానీ నా జుగాడ్‌ని నేను కోట్ల రూపాయల ఆస్తి అని ఎవరికీ అమ్మలేదు.

సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ పెట్టిన మాక్సీ మార్లిన్‌స్పైక్ తాను చేసిన ఇంకో పని గురించి 2022 జనవరిలో రాశాడు. ఒక ఎన్ఎఫ్‌టీ తయారుచేశాడు, అది ఒక మార్కెట్‌లో చూస్తే ఒక బొమ్మ, ఇంకో మార్కెట్‌లో చూస్తే ఇంకో బొమ్మ, డబ్బు పెట్టి కొని వాలెట్‌లో పెట్టుకుని చూస్తే పేడకుప్ప ఎమోజీ. లింక్ అవతల సర్వర్ నాది, అడిగినవాడిని బట్టి ఏది కావాలంటే అది పంపిస్తా అని చూపించడానికి చేశాడు. ఎన్ఎఫ్‌టీలు అమ్ముకునే పెద్ద మార్కెట్ ఓపెన్‌సీ వాళ్ళు దాన్ని తీసేస్తే ఆయన వాలెట్‌లో నుంచి కూడా మాయమైంది. అంటే ఎవడి చేతిలోనూ లేనిది, ఎవడూ తీసేయలేనిది అని మీరు చెప్పిన వస్తువు, ఒక కంపెనీ వాడు తన లిస్టులోంచి కొట్టేస్తే కనపడకుండా పోయింది. దీన్ని చదివిన రోజు నేను ఆఫీసులో గట్టిగా నవ్వా, అప్పటికి పది రోజుల క్రితమే మా వాడు 92 వేలు పెట్టాడన్నది ఆ నవ్వులో నాకు తట్టనే లేదు.

సరే, ఇక మీ దగ్గరికి వస్తా. మీరు రాకముందు ఇది ఒక చిన్న గుంపు ఆట. 2017లో లార్వా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ వాళ్ళు క్రిప్టోపంక్‌లు అనే చిన్న ముఖాల బొమ్మలు పదివేలు దాదాపు ఊరికే పంచిపెట్టారు, అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2021 మార్చిలో క్రిస్టీస్ వేలంలో బీపుల్ అనే డిజిటల్ ఆర్టిస్టు బొమ్మ 6.93 కోట్ల డాలర్లకి, మన లెక్కలో 500 కోట్లకి పైనే పలికింది, కొన్నది తమిళనాడు నుంచి వెళ్ళి సింగపూర్‌లో ఉంటున్న విఘ్నేష్ సుందరేశన్ అని తెలిసి మన వాట్సాప్ గ్రూపుల్లో మనోడే మనోడే అని తెగ తిప్పారు. ఆయన అంతకుముందే బీపుల్ బొమ్మలు ఇరవై కట్టగట్టి బీ20 అని టోకెన్లు చేసి జనానికి అమ్మి ఉన్నాడు, అందులో కొంత వాటా బీపుల్‌కి కూడా ఉంది, ఈ వేలం హడావిడిలో ఆ టోకెన్ రేటు ఎగిరింది, తర్వాత నేలకి దిగింది. ఆ సంగతి మాత్రం ఏ గ్రూపులోనూ తిరగలేదు. మన భాషలో వేలంవెర్రి అనే మాట ఎవరు కనిపెట్టారో కానీ ఆయనకి దండం పెట్టాలి.

అప్పుడు దిగారు మీరు. వీసా 2021 ఆగస్టులో లక్షన్నర డాలర్లు పెట్టి ఒక క్రిప్టోపంక్ కొంది. లక్షన్నర డాలర్లు వీసాకి టీ ఖర్చు, కానీ వార్త ఏమని వచ్చింది? ప్రపంచమంతా కార్డులు గీకే కంపెనీయే నమ్మింది అని వచ్చింది. అడిడాస్ అదే డిసెంబర్‌లో ఒక్కోటి 0.2 ఎథర్ (ఎథీరియం నాణెం) చొప్పున 30 వేల టోకెన్లు తెచ్చింది. నైకీ అదే నెలలో ఆర్టిఫాక్ట్ అనే ఎన్ఎఫ్‌టీల కంపెనీనే కొనేసింది. పెప్సీ, గుచ్చి, డోల్చే గబ్బానా, ఎవరు మిగిలారు? మన దగ్గర ఎంజీ మోటార్ 1,111 ఎన్ఎఫ్‌టీలు 500 రూపాయల నుంచి పెట్టింది, మహీంద్రా థార్ బొమ్మలు వేలం వేసింది, ఆ డబ్బు ఆడపిల్లల చదువుకి ఇచ్చారు కాబట్టి వాళ్ళ జోలికి నేను పోను. అమితాబ్ బచ్చన్ గారి కలెక్షన్ ఏడు కోట్ల దాకా తెచ్చింది. ఐసీసీ కూడా క్రికెట్ వీడియో ముక్కల్ని "క్రిక్టోస్" అని అమ్మించింది. యూట్యూబ్‌లో ఫ్రీగా వచ్చే సిక్సర్‌ని కొనుక్కోవడం ఏంటని నాకు ఇప్పటికీ అర్థం కాదు, క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

మీకు దీంట్లో వచ్చిన డబ్బు మీ లెక్కల్లో చిల్లర అని నాకు తెలుసు. మీకు కావలసింది వార్త. మేమూ కుర్రకారుతో ఉన్నాం, మేమూ లేటెస్ట్ అని బోర్డు మీటింగ్‌లో ఒక స్లైడ్ కావాలి. ఆ స్లైడ్ కోసం మీరు ఈ సంతకి అద్దెకిచ్చింది మీ పేరుని. ఆ పేరు ఒక్కరోజులో వచ్చిందా? మా నాన్న ఇరవై ఏళ్ళు ఒకే కంపెనీ టూత్‌పేస్ట్ వాడాడు, ఇంకోటి ముట్టుకోడు, ఎందుకంటే అది ఎప్పుడూ మోసం చేయలేదు. అలాంటి ఇళ్ళల్లో పెరిగిన పిల్లలు మీ లోగో పక్కన ఏదుంటే దాన్ని నమ్ముతారు. మా బావమరిది ఆ కార్టూన్ జంతువుని నమ్మలేదండి, ఎథీరియంని నమ్మలేదు, అదేంటో కూడా వాడికి సగమే తెలుసు. మీలో ఒకర్ని నమ్మాడు.

డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో వాడు చేరిన గ్రూప్ నేను తర్వాత చూశా. పొద్దున్నే వందలమంది జీఎం, జీఎం అని పెట్టుకుంటారు, గుడ్‌మార్నింగ్ అన్నమాట, మన ఫ్యామిలీ గ్రూప్‌లో గులాబీ పువ్వు బొమ్మలు వచ్చినట్టే. రోడ్‌మ్యాప్ అని ఒక చార్ట్ ఉంది, అందులో గేమ్ వస్తుంది, సినిమా వస్తుంది, హోల్డర్స్‌కి ఉచితంగా బట్టలు వస్తాయి, ఒక దీవి కూడా ఉన్నట్టు గుర్తు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. ఎవడైనా డౌట్ అడిగితే ఫడ్ చేయకు, అంటే లేనిపోని భయాలు పుట్టించకు అని తిడతారు, రేటు పడుతోందేంటి అంటే నువ్వు డైమండ్ హ్యాండ్స్ కాదు, రేటు పడినా పట్టుకుని కూర్చునే రకం కాదు అంటారు. ఎంఎల్ఎం మీటింగ్‌లో ప్రశ్న అడిగినవాణ్ణి నెగటివ్ మనిషి అని కూర్చోబెట్టినట్టు, సేమ్ టు సేమ్. ఆశ ఉంది, కాదనను, మా వాడికీ ఆశే, 92 వేలు 9 లక్షలు అవుతాయని. కానీ ఆశ లేని మనిషి ఎవడు, మీ కంపెనీ షేర్ కొనేవాడికి లేదా?

రేట్ల సంగతి ఒక రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా. ట్విట్టర్ పెట్టిన జాక్ డోర్సీ మొదటి ట్వీట్‌ని 2021 మార్చిలో సినా ఎస్తావీ అనే వ్యాపారి 29 లక్షల డాలర్లకి కొన్నాడు, డోర్సీ ఆ డబ్బు దానం ఇచ్చేశాడు. ఏడాది తర్వాత ఎస్తావీ దాన్ని 4.8 కోట్ల డాలర్లకి అమ్మకానికి పెడితే గడువు అయ్యేసరికి వచ్చిన పెద్ద బిడ్ 280 డాలర్లు. సెకండ్ హ్యాండ్ ఫోన్ రేటు. ఇంకోటి, 2021 అక్టోబర్‌లో ఒక క్రిప్టోపంక్ 53 కోట్ల డాలర్లకి అమ్ముడైందని రికార్డులో పడింది, తీరా చూస్తే కొన్నవాడూ అమ్మినవాడూ ఒకడే, అదే లావాదేవీలో అప్పు తెచ్చి అందులోనే తీర్చేశాడు. వాష్ ట్రేడింగ్ అంటారు. మన ఊళ్ళో గేదెల సంతలో సొంత మనిషినే బేరానికి నిలబెట్టి రేటు పెంచడం చిన్నప్పుడు చూశా, వాళ్ళకి బ్లాక్‌చెయిన్ లేదు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి, మూసివేతలు. దీని మీద ఎవరూ రాయరు, ఎందుకంటే ఓపెనింగ్‌కి ప్రెస్ మీట్ ఉంటుంది, మూసేటప్పుడు ఈమెయిల్ ఉంటుంది.

కోచెల్లా అని అమెరికాలో పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్, వాళ్ళు 2022లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్‌తో కలిసి ఎన్ఎఫ్‌టీలు అమ్మారు, అందులో పది మాత్రం జీవితాంతం ఫెస్టివల్‌కి ఉచిత ప్రవేశం ఇచ్చేవి. అదే ఏడు నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది, టోకెన్లు లోపల ఇరుక్కుపోయాయి. ఆ ఎక్స్ఛేంజ్‌లో తయారైన ఎన్ఎఫ్‌టీల బొమ్మల లింకులు నొక్కితే దివాలా ప్రక్రియ వెబ్‌సైట్ తెరుచుకునేది. జీవితాంతం అంటే ఎవరి జీవితాంతమో ముందే అడగాలన్నమాట.

స్టార్‌బక్స్ వాళ్ళు తెలివైనవాళ్ళు, 2022 డిసెంబర్‌లో ఒడిస్సీ అనే రివార్డుల ప్రోగ్రామ్ మొదలుపెట్టి అసలు ఎన్ఎఫ్‌టీ అనే మాటే వాడకుండా "స్టాంపులు" అన్నారు. 2023 మార్చిలో ఒక్కోటి 100 డాలర్ల చొప్పున రెండువేల స్టాంపులు పెడితే ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు అయిపోవడానికి. 2024 మార్చి 31న ప్రోగ్రామ్ మూసేశారు. పదహారు నెలలు కూడా పూర్తిగా నడవలేదు. వీడియో గేముల షాపుల కంపెనీ గేమ్‌స్టాప్ తన ఎన్ఎఫ్‌టీ మార్కెట్ 2022 జులైలో తెరిచి 2024 ఫిబ్రవరిలో మూసేసింది. పోర్షే 2023 జనవరిలో 7,500 బొమ్మలు పెట్టి, ఒక్కోటి 0.911 ఎథర్, వాళ్ళ కారు మోడల్ నంబర్ 911 కలిసొచ్చేలా, మూడో వంతు కూడా పోకపోయేసరికి మధ్యలో ఆపేసింది. వాళ్ళని మాత్రం నేను తప్పుపట్టను, తొందరగా తెలుసుకున్నారు.

నైకీ కథ మాత్రం నాలాంటి వాడికి కడుపు మండించేది. 2021 డిసెంబర్‌లో కొన్న ఆర్టిఫాక్ట్‌ని సరిగ్గా మూడేళ్ళకి, 2024 డిసెంబర్‌లో, మూసేస్తున్నాం అన్నారు. మరుసటి ఏప్రిల్‌లో కొన్నవాళ్ళు బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. దావా సంగతి కోర్టు చూసుకుంటుంది, నేను చెప్పేది అదే నెలలో జరిగిన ఇంకో విషయం. వాళ్ళ క్లోన్ఎక్స్ కలెక్షన్, ఒకప్పుడు ఒక్కో బొమ్మ వేల డాలర్లు పలికినవి, ఒక రోజు వేలకొద్దీ బొమ్మలు ఒక్కసారిగా మాయమైపోయి వాటి స్థానంలో నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో, వెబ్‌సైట్ల ఫైళ్ళు జనానికి అందించే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ వాడి మెసేజ్ వచ్చింది, ఈ కంటెంట్‌ని ఆపేశాం, మా బేసిక్ ప్లాన్‌ని ఇలా వాడటం నిబంధనలకి విరుద్ధం అని. అర్థమైందా అండి? హోస్టింగ్ ప్లాన్ మార్పు దగ్గర వచ్చిన తేడా. తర్వాత సరిచేశారు లెండి. నేను మా ఆఫీసులో పదిమంది వచ్చే వెబ్‌సైట్‌కి ప్లాన్ మార్చినా ముందు మూడు మెయిల్స్ పెట్టి, రాత్రి పూట చేసి, పొద్దున్నే చెక్ చేస్తా. ప్రపంచంలో అతి పెద్ద బూట్ల కంపెనీ నీడలో పుట్టిన కోట్ల డాలర్ల కలెక్షన్ ఒక్క రోజు బేసిక్ ప్లాన్ గోడకి గుద్దుకుంది.

మన ఆంధ్రాలో, పక్కన తమిళనాడులో ఈము పక్షుల పిచ్చి పట్టింది గుర్తుందా, రైతులు లక్షలు పోసి పక్షులు కొన్నారు, గుడ్డు ఇంతకి కొంటాం, నూనె అంతకి కొంటాం అన్నారు, చివరికి కొనేవాడు లేక మేత పెట్టలేక రోడ్ల మీద వదిలేశారు. ఈము కొన్నోడికి కనీసం ఈము మిగిలింది.

కొనేవాళ్ళ తప్పు లేదా అంటారు, ఉంది. చదువుకున్నవాళ్ళే, రిస్క్ అని తెలిసే పెట్టారు. అందులోనూ మన దేశంలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ వాళ్ళు 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ యాడ్స్‌లో హెచ్చరిక పెట్టాలన్నారు, క్రిప్టో, ఎన్ఎఫ్‌టీలకి నియంత్రణ లేదు, రిస్క్ చాలా ఎక్కువ, నష్టం వస్తే చట్టపరంగా అడగడానికి దారి లేకపోవచ్చు అనే అర్థంలో. పెట్టారు, సిగరెట్ పెట్టె మీద బొమ్మలాగా. ప్రభుత్వం ఇంకా ముందే తన పని తాను చూసుకుంది, 2022 బడ్జెట్‌లోనే లాభం మీద 30 శాతం పన్ను, జులై నుంచి లావాదేవీ మీద 1 శాతం టీడీఎస్, నష్టం వస్తే ఇంకే ఆదాయంలోనూ సర్దుకోవడానికి లేదు. మా వాడికి లాభం రాలేదు కాబట్టి 30 శాతం గొడవ లేదు, 92 వేల నష్టం మాత్రం పూర్తిగా వాడిదే, జీతంలో ఒక్క రూపాయి తగ్గించుకోవడానికి కుదరదు. ఇంకో తమాషా ఏంటంటే 2022 జూన్ 30న పన్ను శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది, టోకెన్‌తో పాటు నిజమైన వస్తువు కూడా చట్టబద్ధంగా చేతులు మారేదైతే అది ఈ ఎన్ఎఫ్‌టీ లెక్కలోకి రాదు అని. అంటే నిజంగా ఏదైనా చేతికొచ్చేదాన్ని ప్రభుత్వం పక్కన పెట్టేసింది, మిగిలినవే ఎన్ఎఫ్‌టీలు. మా అత్తగారు అడిగిన ప్రశ్నే, సర్కారు భాషలో.

నేను అన్నిటినీ ఒకే గాటన కట్టట్లేదు. చిన్న చిన్న ఆర్టిస్టులు కొందరు జీవితంలో మొదటిసారి నాలుగు డబ్బులు చూశారు, నాకు తెలుసు. బొమ్మని నిజంగానే బ్లాక్‌చెయిన్‌లోనే పెట్టినవి ఉన్నాయి, క్రిప్టోపంక్‌లని 2021లో అలా లోపల పెట్టారు, వాటికి నేను చెప్పిన డొమైన్ జబ్బు రాదు. కరెంటు ఎక్కువ తాగుతుందని తిట్టేవాళ్ళు, ఎన్ఎఫ్‌టీలు ఎక్కువగా నడిచే ఎథీరియం బ్లాక్‌చెయిన్ 2022 సెప్టెంబర్‌లో పద్ధతి మార్చుకున్నాక కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది, కాబట్టి ఆ తిట్టు ఇప్పుడు చెల్లదు. కానీ ఆర్టిస్టుల పేరు చెప్పుకుని జరిగింది కూడా తక్కువేం కాదు. 2022 జనవరిలో ఓపెన్‌సీ వాళ్ళే చెప్పారు, మా ఫ్రీ టూల్‌తో తయారైనవాటిలో 80 శాతం పైన కాపీ కొట్టినవి, నకిలీవి, స్పామ్ అని. మళ్ళీ అమ్మిన ప్రతిసారీ బొమ్మ గీసినవాడికి రాయల్టీ అన్నారు, అది కూడా 2023కి వచ్చేసరికి ఇష్టముంటే ఇచ్చేది అయిపోయింది. టిప్ లాగా అన్నమాట.

ఇంతకీ ఇప్పుడు ఈ లేఖ ఎందుకంటే, మీరు మళ్ళీ వస్తారు. ఎన్ఎఫ్‌టీ అనే పేరుతో రారు, స్టాంప్ అంటారు, డిజిటల్ కలెక్టిబుల్ అంటారు, పాస్ అంటారు, ఏఐ ముందో వెనకో తగిలించి ఇంకేదో అంటారు. రావద్దని అనను, అనడానికి నేనెవరు. ఒక్కటే అడుగుతున్నా. అమ్మకం పేజీలో, కొను అనే బటన్ పైన, అదే సైజు అక్షరాల్లో, మేం దీన్ని మూసేసే రోజు మీ దగ్గర మిగిలేది ఇది అని ఒక్క వాక్యం రాయండి. బొమ్మ ఏ సర్వర్లో ఉంది, ఆ బిల్లు ఎవరు కడుతున్నారు, ఎన్నేళ్ళకి ముందే కట్టి పెట్టారు, మీరు ఆ కంపెనీతో టైఅప్ తెంచుకుంటే కొన్నవాళ్ళకి ఎవరు ఫోన్ ఎత్తుతారు. అపార్ట్‌మెంట్ అమ్మే బిల్డర్ కూడా ఈ రోజుల్లో మెయింటెనెన్స్ కార్పస్ ఫండ్ ఎంతో చెప్పి అమ్ముతున్నాడు. నాలుగు ఫైళ్ళు పదేళ్ళు హోస్ట్ చేయడానికి ఎంతవుతుందో కావాలంటే నేను ఫ్రీగా కొటేషన్ ఇస్తా, మీ లాంచ్ పార్టీలో పూల ఖర్చు కంటే తక్కువే ఉంటుంది.

రెండోది, చిన్నది. మూసేసేటప్పుడు ఈమెయిల్‌లో "ఈ ప్రయాణంలో మాతో ఉన్నందుకు ధన్యవాదాలు" అని రాయడం మానండి. మా వాడికి కూడా అదే వచ్చింది. ప్రయాణం మీరు చేశారు, టికెట్ వాడు కొన్నాడు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక సర్వర్ల మనిషి

తా.క. ఆ బొమ్మ దొరికింది. కొన్న రోజు రాత్రి వాడు గొప్పగా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు కదా, మా అత్తగారు పనికిరాని ఫార్వర్డ్‌లన్నీ దాచుకున్నట్టే దాన్నీ ఫోన్లో ఉంచేసుకున్నారు, కాస్త మసకగా ఉంది, వాట్సాప్ నలిపేసింది. అప్పట్లో డిస్కార్డ్‌లో వీళ్ళంతా రైట్ క్లిక్ చేసి సేవ్ చేసుకునేవాళ్ళని చూసి తెగ నవ్వుకునేవాళ్ళట. ఇప్పుడు వాడి 92 వేల బొమ్మ భూమ్మీద నాకు తెలిసి ఆవిడ ఫోన్లో మాత్రమే ఉంది, దేవుడి బొమ్మలకీ మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోకీ మధ్యలో. మొన్న ఫోన్ స్టోరేజ్ నిండిపోయిందని నా చేతికిచ్చి ఏవేవి తీసేయాలో చూడమన్నారు.